గంజాం సీమలో తూనికలు – నమ్మదగిన త్రాసు

“గురివింద గింజ తన క్రింది నలుపు నెరుగదు” అనునది తెలుగువారి యిండ్లలో నేటికిని వినవచ్చు సామెత. ఇతరుల తప్పులెన్నుచు తన తప్పును గానని వానిని గూర్చి దీనిని వాడుదురు. అయితే ఈ సామెతలోని గింజ సామాన్యమైనది కాదు. కంసాలి బంగారమును తూచుటకు త్రాసులో నుంచినది ఈ గింజయే. పరుల బరువును చెప్పు గింజకు తన మచ్చ తెలియదనుటలో తూనిక శాస్త్రమున కంతటికిని మూలమైన సత్య మొకటి యిమిడియున్నది. త్రాసు వస్తువుల బరువును చెప్పును గాని తన తప్పును తాను చెప్పదు. దానిని వెదకి పట్టుట మనుష్యుని పని. ఆ పని చేసిన చోట వర్తకమున నమ్మిక నిలిచినది. చేయని చోట బీదవాడు నష్టపోయినాడు. గంజాం జిల్లా, బరంపురముల తూనికల చరిత్రను ఈ దృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ప్రాచీన గ్రంథములలో త్రాసు

మన పూర్వులు తూనికను రాజ్యాంగములో ఒక శాఖగా నెంచిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున తూనికలకు, కొలతలకు ప్రత్యేకాధ్యక్షుడు చెప్పబడినాడు. తూనికరాళ్లు ఇనుముతోనైనను, మగధ మేకల దేశముల శిలతోనైనను చేయవలెననియు, తడిసినను పెరుగనివి, వేడి తగిలినను తరుగనివి యగు పదార్థములనే గ్రహింపవలెననియు నందు నియమము కలదు. నాలుగు మాసముల కొకసారి వానిని పరీక్షింపవలెను. ముద్ర లేని రాళ్లను వాడిన వానికి జరిమానా కలదు. మనుస్మృతియు తూనికలను ఆరు మాసముల కొకసారి తిరిగి పరీక్షింపుమని రాజునకు విధించినది.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మింకొకటి కలదు. కౌటిల్యుడు ఒక్క త్రాసునే చెప్పలేదు. ఆరంగుళముల కోల మొదలుకొని ఎనిమిదేసి యంగుళములు పెంచుచు పది త్రాసులను చెప్పి, ఒక్కొక్కదాని లోహపు బరువును ఒక్కొక్క పలము చొప్పున హెచ్చించెను. పెద్ద బరువులకు వేరు త్రాసులు చెప్పెను. బంగారము తూచు త్రాసుతో కట్టెలు తూచరాదు. కట్టెలు తూచు త్రాసుతో బంగారము తూచరాదు. తూచదలచిన వస్తువునకు తగిన త్రాసు నెంచుటయే తూనికలో మొదటి మెట్టని ఆ పది కోలలు బోధించుచున్నవి.

గంజాం సీమవారు గర్వింపదగిన అంశ మొకటి వైద్యశాస్త్రమునందు కలదు. శార్ఙ్గధర సంహితలో ఔషధముల తూనికకు మాగధమానము, కాళింగమానము అని రెండు పద్ధతులు చెప్పబడినవి. మాగధమానమునకే శ్రేష్ఠత చెప్పబడినను, కళింగదేశము పేర నొక తూనిక పద్ధతి శాస్త్రమున నిలిచియుండుట గమనింపదగినది. కాళింగమానమున పండ్రెండు తెల్ల ఆవాలు ఒక యవ; రెండు యవలు ఒక గురిగింజ. భస్మములు, చూర్ణములు తూచు వైద్యునకు ఆవగింజ మొదటి తూనికరాయి యయ్యెనన్న మాట. విషద్రవ్యములతో గూడిన ఔషధములలో గింజెడు హెచ్చుతగ్గు ప్రాణము మీదికి వచ్చును గనుక, చూర్ణపు తూనికలో సూక్ష్మత అవసరమని మనవా రేనాడో గుర్తించిరి.

తెలుగున లెక్కల శాస్త్రమునకు ఆద్యుడైన పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును తెనిగించినవాడు. ఆతడు రాజరాజనరేంద్రుని కాలపువాడని పండితులు చెప్పుదురు. మూలమున తూనికలు, కొలతల పరిభాష యొక ప్రకరణముగా నున్నది. తెలుగు బాలుర చదువున మానములు వల్లించుట ఎంత ప్రాచీనమో దీనివలన తెలియగలదు.

మూడు సేర్ల నడుమ గంజాం

1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా వలన ఉత్తర సర్కారులు ఆంగ్లేయ కంపెనీకి దత్తమయ్యెను. 1766లో నిజాముతో సంధి జరిగెను. నాటినుండి 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు గంజాం మదరాసు రాజధానిలో నుండెను. కావున ఇచటి సంతలలో మదరాసు తూనికలు చెల్లినవి. చిలుక సరస్సున కావలి కటకము 1803 నుండి బెంగాలు ఏలుబడిలో నుండెను. అచటి తూనికలు వేరు. ఈ రెంటి సరిహద్దున నిలిచినది గంజాం.

మదరాసు పద్ధతి యిట్టిది. మూడు తులములు ఒక పలము. ఎనిమిది పలములు ఒక సేరు. అయిదు సేర్లు ఒక వీశె. ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఇరువది మణుగులు ఒక బారువ. ఈ లెక్కను సేరనగా 24 తులములు. వీశె యనగా 120 తులములు. నేటి కొలతలో తులము 11.66 గ్రాములు గనుక వీశె సుమారు 1 కిలో 400 గ్రాములు; మణుగు సుమారు 11 కిలోల 200 గ్రాములు.

బెంగాలు ప్రభుత్వపు సేరు 80 తులములు. కటకపు సేరు 105 తులములు. అనగా సేరను ఒక్క మాటకే 280 గ్రాములు, 933 గ్రాములు, 1,225 గ్రాములు అని మూడు బరువులు! ధాన్యమును మానికలతో, కుంచములతో కొలుచునపుడు సేరు మరల వేరుగా నుండెడిది. కటకము నుండి వచ్చిన వర్తకుడు సేరు ధర చెప్పినచో బరంపురపు కోమటి ఏ సేరో అడిగి తెలిసికొనవలసి యుండెను. అడుగ నెరిగినవానికి చిక్కు లేదు. అడుగ నేరని కొండవాని పాలిటికి ఆ మాటయే ఉచ్చు.

ఈ గందరగోళములో స్థిరముగా నిలిచిన దొక్కటే, రూపాయి నాణెము. 1833లో బెంగాలునందు చేయబడిన చట్టమున తులము 180 గ్రెయిన్లుగా నిర్ణయింపబడెను. 1835లో కంపెనీ ఏలుబడి కంతటికిని ఒకే బరువు గల వెండి రూపాయి అచ్చు వేయబడెను. ఆ రూపాయి బరువు సరిగా తులము. అందుచే టంకసాల నుండి వచ్చిన రూపాయి ప్రతి ఇంటిలోను ప్రభుత్వపు తూనికరాయి యయ్యెను. ఇరువదినాలుగు రూపాయలు సేరు. నూట ఇరువది రూపాయలు వీశె. వర్తకుని వీశె రాయిని అనుమానించువాడు నూట ఇరువది రూపాయలు తట్టలో పోసి చూచుకొనవచ్చును. కాని నూట ఇరువది రూపాయలు ఒక్కచోట చూచిన కూలివా డెవడు? నిజమును పరీక్షించు సాధన మున్నను అది ధనవంతుని చేతిలోనే యుండెను. పైగా చేతులు మారి అరిగిన రూపాయి తులమున కొంత తక్కువ తూగుచుండెను.

కొండసంతల కోలత్రాసు

బరంపురమునకు పడమర కొండలలో కోదులు, సవరలు మున్నగువారు పసుపు, చింతపండు మొదలగు సరకులు తెచ్చి ఉప్పు, బట్ట కొనిపోవుట చిరకాలపు వాడుక. అట్టి సంతలలో రెండు తట్టల త్రాసునకు బదులు ఒక్క తట్ట గల కోలత్రాసు తరచుగా కనబడెడిది. ఒక కర్ర, దాని యొక కొన లావై బరువుగా నుండును, రెండవ కొనకు తట్ట వ్రేలాడును. నడుమ నొక త్రాటి ఉచ్చు. తట్టలో సరకు వేసి, కర్ర అడ్డముగా సమముగా నిలుచువరకు త్రాటిని జరిపి, అది నిలిచిన గీటును బట్టి బరువు చెప్పుదురు. రాళ్లతో పని లేదు. భుజమున వేసికొని కొండ లెక్కవచ్చును. ఒడియావారి ‘బిశా’యు తెలుగువారి ‘వీశె’యు ఒక కుటుంబపు మాటలే. భాషలు వేరైనను ఒకే సంతలో ఒకే తూనికతో బ్రతికినవారని అవి సాక్ష్యము చెప్పుచున్నవి.

ఈ త్రాసు నందు గుణమును, దోషమును కూడ కలవు. బరువు హెచ్చిన కొలది త్రాడు తట్ట వైపునకు జరుగును. అచట గీట్లు దగ్గరదగ్గరగా నుండును. కావున తేలిక సరకునకు అది చక్కగా పలుకును. బరువు సరకునకు మొద్దుబారును. వేలి వెడల్పున త్రాడు జరిగినను ఎంతో భేదము వచ్చును. ఆ జరుపుట కొనువాని వ్రేళ్ల పని గనుక అమ్మువానికి నష్టము. గీటు చదువ నెరుగనివాడు త్రాసును గాక దానిని పట్టినవాని ముఖమును చూచి నమ్మవలసి యుండెను.

కొండవారికిని మైదానపు వర్తకులకును జరుగు వ్యవహారములలో అన్యాయము పెచ్చుపెరుగుట చేతనే మదరాసు ప్రభుత్వము 1917లో ఏజెన్సీ ప్రాంతముల వడ్డీ, భూబదిలీల చట్టమును చేయవలసి వచ్చినది. ఆ చట్టము వడ్డీని, భూమిని గూర్చినదే గాని త్రాసును గూర్చినది కాదు. అప్పు పత్రమునకు హద్దు గీచుట సులభము. త్రాటిని జరుపు వ్రేలికి హద్దు గీచుట కష్టము.

మందు తూనిక – గ్రెయిను లెక్క

గంజాం జిల్లాలో పర్లాకిమిడి, ఖల్లికోట, ధరాకోట, చికిటి, మందస మొదలగు సంస్థానములు, జమీలు పెక్కు లుండెను. జమీందారులకును, దొరలకును వేట వినోదము. తుపాకి యున్న చోట మందు నుండును. మందు నున్న చోట దాని మోతాదు తెలియవలెను.

పాత తుపాకులలో వాడినది నల్లమందు. సురేకారము, గంధకము, బొగ్గు కలిసిన పొడి అది. దానిని తూచుట అరుదు. కొమ్ముతో గాని లోహముతో గాని చేసిన చిన్న గొట్టమున నింపి కొలిచి గొట్టములో పోయుచుండిరి. ఆ మందు కొంత హెచ్చుతగ్గును సహించునది గనుక కొలతతో పని జరిగెను. 1884లో ఫ్రాన్సునందు పాల్ వియెయ్ పొగలేని మందును కనిపెట్టెను. 1889లో బ్రిటనునందు కార్డైట్ వచ్చెను. దీనితో లెక్క మారెను. త్రీ నాట్ త్రీ యని మనవారెల్ల రెరిగిన రైఫిలు తూటాలో మొదట సుమారు 70 గ్రెయిన్ల నల్లమందు నింపుచుండిరి. కార్డైట్ వచ్చిన పిమ్మట సుమారు 31 గ్రెయిన్లే చాలెను. సగమునకు తక్కువ బరువున అంతకు మించిన బలము. కావున పూర్వము లెక్కకు రాని పొరపాటు ఇపుడు తుపాకిని పగులగొట్టి కాల్చువాని చేతిని, కన్నును పోగొట్టగల దయ్యెను. మందు కొలుచు కాలము పోయి తూచు కాలము వచ్చెను.

గ్రెయిననగా మొదట యవధాన్యపు గింజ. మనకు గురిగింజ యెట్లో పశ్చిమ దేశములవారికి యవగింజ యట్లు. పౌనునకు 7,000 గ్రెయిన్లు, తులమునకు 180. తులమునకు 96 గురిగింజలను లెక్క ననుసరించి ఒక గింజ రెండు గ్రెయిన్లకు కొంచెము తక్కువ. తూటా మందు తూచువారు కోరునది గ్రెయినులో పదవ వంతు, అనగా గురిగింజలో సుమారు పందొమ్మిదవ వంతు. దీనికై పశ్చిమమున చిన్న కోలత్రాసులు వెలసినవి. కోలమీద గంట్లుండును, చిన్న బరువును గంటు నుండి గంటునకు జరిపి తూచుదురు. కొండసంతలో త్రాడు జరిగెను. ఇందు బరువు జరుగును. రెంటి సూత్ర మొక్కటే. భేదమెల్ల చేసిన వాని శ్రద్ధయందును, పరీక్షించిన వాని నిజాయతీయందును కలదు. నేడు మన దేశమున 1884 నాటి పేలుడు పదార్థముల చట్టము, 1959 నాటి ఆయుధముల చట్టము అమలులో నున్నందున అనుమతి లేనిదే ఇట్టి మందు నుంచుకొనుట గాని, తూటాలు నింపుట గాని నేరము.

తూగునదే మారినచో

త్రాసు సరియైనను తూగు వస్తువు మారునదైనచో తూనిక తప్పును. సముద్రతీరమున నున్న గంజాం సీమకు ఈ చిక్కు సహజము. మందుపొడి తేమ తగిలినచో చెడును. ఉప్పు తేమను పీల్చి బరువెక్కును. బరంపురమునకు కీర్తి తెచ్చిన పట్టు కూడ నట్టిదే. వానకాలమున తూచిన పట్టునూలు ఎండకాలమున తూచినచో తరుగును. నేతగాడు కొన్నది నూలా, నీరా యను ప్రశ్న ఇందు పుట్టును. దీనికి పశ్చిమ దేశముల పట్టు వర్తకులొక మార్గము కనుగొనిరి. నూలు మచ్చును వేడియందు పూర్తిగా ఆరబెట్టి తూచి, ఆ బరువునకు నూటికి 11 వంతులు కలిపి అదే వర్తకపు బరువని స్థిరపరచిరి. ఫ్రాన్సునందలి లియాన్ పట్టణమున 1805లోనే ఇందుకై ప్రత్యేకశాల యేర్పడెను. వస్తువును మొదట ఒక స్థితికి తెచ్చి, ఆపై తూచవలెనని దీని సారము.

త్రాసును పరీక్షించు విధము

రెండు తట్టల త్రాసు నందలి పెద్ద దోషము కోల చేతులు సమముగా లేకుండుట. ఖాళీ తట్టలు సమముగా నిలిచినంత మాత్రమున త్రాసు సరియని నమ్మరాదు. పొట్టి చేతికి బరువైన తట్టను కట్టి ఖాళీగా సమముగా నిలుపవచ్చును. దీనిని బయటపెట్టు ఉపాయము సులభము. వస్తువును ఒక తట్టలో తూచి, పిమ్మట తట్టలు మార్చి తూచవలెను. రెండుసార్లును ఒకే బరువు వచ్చినచో చేతులు సమము.

ఉదాహరణము. ఒక సరకు ఎడమ తట్టలో 40 తులములు తూగెను. కుడి తట్టలో 44.1 తులములు తూగెను. ఈ రెంటిని గుణించి వర్గమూలము తీసినచో 42 తులములు. అదియే నిజమైన బరువు. అట్టి త్రాసు గల వర్తకుడు కొనునపుడు సరకును ఎడమ నుంచి 40 అనును. అమ్మునపుడు కుడి నుంచి 44.1 అనును. ఒకే సరకుపై నాలుగు తులములకు మించిన అక్రమలాభము. రాళ్లు మాత్రము ముద్ర పడిన సరియైన రాళ్లే! గౌస్ అను జర్మను గణితజ్ఞుని పేర ఈ రెండు తూనికల పద్ధతి ప్రసిద్ధము. ఫ్రాన్సు దేశపు బోర్డా పద్ధతి ఇంకను సరళము. వస్తువును ఇసుకతోనో, గుండ్లతోనో సమముగా తూచి, పిమ్మట వస్తువును తీసి అదే తట్టలో తూనికరాళ్లు వేయవలెను. చేతులు ఎట్లున్నను నిజము బయటపడును.

సూక్ష్మత, సత్యము వేరువేరు గుణములు. చిన్న బరువునకు కదలునది సూక్ష్మము. కదలి నిజము చెప్పునది సత్యము. మిక్కిలి సూక్ష్మమైన త్రాసు కూడ ప్రతిసారి ఒకే అబద్ధమును చెప్పవచ్చును. కావున త్రాసు నెంచువాడు తాను తూచు బరువునకు అది తగునా, ఒకే వస్తువును పలుమార్లు తూచిన ఒకే బరువు చెప్పునా, తెలిసిన బరువు నుంచినపుడు సరిగా పలుకునా అని మూడు విషయములు చూడవలెను. గాలి తగులని చోట, కదలని బల్లపై నుంచి చూడవలెను.

కిలోగ్రాము కాలము

స్వతంత్ర భారతమున 1956లో తూనికల, కొలతల ప్రమాణముల చట్టము వచ్చెను. 1958 అక్టోబరు నుండి కొన్ని ప్రాంతములలో మెట్రిక్ తూనికలు ప్రవేశించి 1962 నాటికి దేశమంతట వ్యాపించెను. మూడు సేర్ల తగవు ఒక్క కిలోగ్రాముతో తీరినది. ప్రస్తుతము 2009 నాటి చట్టము అమలులో నున్నది. దాని ననుసరించి చేసిన 2011 నాటి నియమముల ప్రకారము తూనికరాళ్లను, కోలత్రాసులను ఇరువదినాలుగు నెలల కొకసారి, ఎలక్ట్రానిక్ త్రాసులను పండ్రెండు నెలల కొకసారి పరీక్షింపించి ముద్ర వేయించుకొనవలెను. కౌటిల్యుని నాలుగు మాసములు, మనువు ఆరు మాసములు ఇట్లు రూపము మార్చుకొని నిలిచినవి.

ఎలక్ట్రానిక్ త్రాసు అంకెలు చూపును గనుక దానిని ప్రశ్నింప నవసరము లేదని పలువురు భ్రమింతురు. రెండు తట్టల త్రాసు రాతిని, సరకును ఒకదానితో నొకటి పోల్చును. భూమి ఆకర్షణ రెంటిపైనను ఒకటే గనుక ఎక్కడ తూచినను ఫలిత మొకటే. ఎలక్ట్రానిక్ త్రాసు సరకు తన మీద మోపు ఒత్తిడిని కొలుచును. ఆకర్షణ స్థలమును బట్టి మారును. ఢిల్లీలో సరిచేసిన త్రాసును మరల సరిచేయక బరంపురమున వాడినచో కిలోకు అరగ్రామునకు పైగా తక్కువ చూపును. కూరలకు ఇది లెక్క కాదు, బంగారమునకు లెక్కయే. అందుచే అట్టి త్రాసును నిలిపిన చోటనే తెలిసిన బరువుతో సరిచూడవలెను.

2019 మే 20వ తేదీ నుండి కిలోగ్రామునకు ప్రమాణము పారిస్ సమీపమున నుంచిన లోహపు దిమ్మ కాదు; ప్రకృతిలో మార్పులేని ప్లాంక్ స్థిరాంకమే ఆధారము. తడిసినను పెరుగని, కాలినను తరుగని రాయి కావలెనన్న కౌటిల్యుని కోరిక ఇన్ని శతాబ్దములకు నెరవేరినది.

మిగిలియున్న కర్తవ్యము

వీశె, పలము, మణుగు, బారువ అను మాటలు గంజాం తెలుగు పిల్లల లెక్కల పుస్తకములలో నేడు లేవు. ముసలివారి నోట మాత్రము అక్కడక్కడ వినబడుచున్నవి. అంగళ్ల మూలల నున్న ఇనుప వీశెలు, ఇత్తడి త్రాసులు, కంసాలుల చిన్న గుండ్లు తుక్కు క్రింద కరగిపోవుచున్నవి. అవి పోయినచో రెండు భాషలవారు ఒకే సంతలో బ్రతికిన తీరునకు గల గట్టి సాక్ష్యము పోవును.

ఆంధ్ర సంఘములు పూనినచో ఈ నష్టమును కొంత ఆపవచ్చును. ప్రతి రాతిని సేకరించి, దాని పేరును తెలుగునను ఒడియాలోను వ్రాసి, నేటి సరియైన త్రాసుపై తూచి, వచ్చిన బరువును గ్రాములలో నమోదు చేసి భద్రపరుపవలెను. తెలుగు బడి పిల్లల చేతనే ఆ తూనిక జరిపించినచో వారికి భాషయు, లెక్కయు, న్యాయమును ఒక్కసారి బోధపడును. ఆ రాళ్లలో కొన్ని తక్కువ తూగవచ్చును. అట్టి వానిని దాచక వానివలన కలుగు తక్కువనుకూడ పుస్తకమున వ్రాయవలెను. గురివింద గింజకు తన నలుపు తెలియదు. తూచు మనుష్యునకు తెలియవలెను.